దక్షిణపు గుమ్మం

పాత ఇల్లు కనిపిస్తే శైలజ చేతులు ఊరుకోవు. విజయనగరంలో ఇప్పటికి పదకొండు కొని, బాగుచేయించి, అమ్మింది. వంటగదిలోకి వెలుతురు రప్పించి, కింద టైల్స్ పరిపిస్తే సగం బేరం కుదిరినట్టేనంటుంది. ఇంత చేసీ తను మాత్రం పద్నాలుగేళ్ళుగా అద్దెకొంపలోనే. అందుకే కోట వెనక సందులోని ఈ పన్నెండో ఇల్లు అమ్మడానికి కాదు. ఇందులో తనే పాలు పొంగించుకుంటుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి నిద్ర కూడా పట్టడం లేదు.

ఇల్లు చవగ్గా రావడానికి కారణం ఉంది. ఆ ఇంటి ముసలావిడ, పేరు తాతమ్మ, చెడ్డ నక్షత్రంలో పోయింది. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలని కొడుకు గణపతిరావు గుమ్మానికి ముళ్ళకంప అడ్డంవేసి, తాళం పెట్టి వెళ్ళిపోయాడు. మూడో నెలలోనే శైలజకి అమ్మేశాడు. మిగతా మూడు నెలలూ ఖాళీగా ఉంచడానికి ఆమెకి మనసొప్పలేదు. కంప తీయించి పని మొదలుపెట్టింది. ముందుగా వాస్తు బాగోలేదని దక్షిణపు గుమ్మం ఇటుకలతో మూయించి, తూర్పున కొత్తది తెరిపించింది.

తాపీమేస్త్రీ సూరయ్య తల గోక్కున్నాడు. "ఆరు నెల్లూ నిండనీయండమ్మా. తాతమ్మకి కళ్ళు లేవు. నోట్లో చుట్టెట్టుకుని, గోడ తడువుకుంటా ఈ గుమ్మంలోంచే వచ్చీది, ఎల్లీది. ఇది మూసెస్తే ఏటి సేస్తాది?"

"పోయినామెకి గుమ్మంతో పనేటి సూరయ్యా?" అని శైలజ నవ్వేసింది.

పుట్టీ పెట్టిన మర్నాడు గోడ మీద చేతి గుర్తులు కనిపించాయి. నడుమెత్తులో, ఒకదాని పక్కన ఒకటి. వంటగది దగ్గర మొదలై, నడవా దాటి, మూసిన గుమ్మం దగ్గర ఆగాయి. అక్కడ మాత్రం ఒకదాని మీద ఒకటి, చాలా ఉన్నాయి. కూలీల పనేనని కేకలేసి మళ్ళీ పూయించింది. మర్నాడూ అవే. మూడోనాడు ఆమె కేకలు వేయలేదు. భయమేసింది.

ఆ సాయంత్రం కూలీలు వెళ్ళిపోయారు. సూరయ్య దక్షిణం సందులో కుళాయి దగ్గర తాపీలు కడుగుతున్నాడు. గోడ ఆరిందో లేదో చూద్దామని శైలజ లోపలికి వెళ్ళింది. తడి పుట్టీ వాసన. ఉన్నట్టుండి మబ్బు కమ్మి, గాలి కొట్టి, తూర్పు తలుపు దభీమని పడింది. కరెంటు పోయింది. ఫోను సంచిలో ఉంది, సంచి వరండాలో ఉంది.

ప్లాను తనే గీయించిన ఇల్లు కదా అని గోడ పట్టుకుని నడిచింది. పది అడుగులు... ఇరవై... మూల రాలేదు. తలుపు రాలేదు. గోడ సాగుతూనే ఉంది.

చుట్ట వాసన వేసింది.

ఆమె చేతి మీద మరో చెయ్యి పడింది. ముడతల చెయ్యి. చల్లగా...

"ఇటు రాయే అమ్మా..." చెవి పక్కన గుసగుస. "గుమ్మం ఇక్కడే కదే..."

ఇంకో అడుగు. ఒంటికి గాలి తగిలింది. చూస్తే దక్షిణం సందు. వెనక్కి తిరిగితే గుమ్మం లేదు. మూయించిన గోడ మూయించినట్టే ఉంది.

"సూరయ్యా" అంది. రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషి తలెత్తలేదు. మళ్ళీ పిలిచింది. అతను తాపీ తిరగేసి కడుగుతున్నాడు.

ఇంతలో ఇంట్లోంచి కేక వచ్చింది. "సూరయ్యా, తలుపు బిగుసుకుపోయింది. కాస్త వచ్చి తియ్యి."

అది శైలజ గొంతే.

"వస్తన్నానమ్మా" అని సూరయ్య లేచాడు. శైలజ అతని చెయ్యి పట్టుకోబోయింది. పట్టు దొరకలేదు. అతను ఆమెలోంచే నడిచి వెళ్ళిపోయాడు. తూర్పు తలుపు కిర్రుమంది.

"రేపే పాలు పొంగించేద్దాం సూరయ్యా" అంటోంది ఆ గొంతు. "ఇంక ఆగక్కర్లేదు. అన్నట్టు, నీ దగ్గర చుట్ట ఉంటే ఒకటియ్యి."

శైలజ రెండు చేతులూ గోడకి ఆనించి, గుమ్మం కోసం తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది.