బందెలదొడ్డికి వచ్చిన టీచరమ్మ

ఆదినారాయణ కానుగ చెట్టుకు నోటీసు ఆనించి, మేకు మీద సుత్తి ఎత్తాడు.

"ఏమప్పా, ఆ మేకు నీ వీపున కొడితే ఎట్లుంటాది?"

తిరిగి చూశాడు. ఒక అమ్మాయి. చంకలో హాజరుపట్టీ, నుదుట చెమట, కళ్ళనిండా కోపం. ఆ కళ్ళను చూస్తూ సుత్తిని తన బొటనవేలి మీదే దించుకున్నాడు.

"అబ్బా!"

"చెట్టుకూ అట్లే ఉంటాది," అంది ఆ అమ్మాయి.

అది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం, ఎండాకాలం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో పెన్నగట్టు అనే ఊరు. ఊరి నడుమ చిన్న పార్కు. సాయంత్రమైతే పంచాయతీ రేడియో అక్కడే మోగుతుంది కాబట్టి అందరూ రేడియో పార్కు అంటారు. ఆదినారాయణ పంచాయతీ గుమాస్తా. సొంతూరు జమ్మలమడుగు. ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఆ అమ్మాయి వనజ, ఆడపిల్లల బడిలో టీచరు. బడికున్నది ఒకటే గది. అందుకే సగం తరగతులు ఆ కానుగ చెట్ల కిందే నడుస్తాయి.

వనజ నోటీసు లాక్కుని చదివింది. వానలు లేనందున పన్నులు రాలేదట. తాగునీటి బావులు లోతు చేయించాలట. కనుక ఒకటో తేదీ నుంచి పార్కు తోటమాలి ఉద్యోగం రద్దు, చెట్లకు నీళ్ళు బంద్.

"ఈ అక్షరాలు ఎవురివి?"

"నావే," అన్నాడు ఆదినారాయణ, నొప్పిలోనూ కాస్త గర్వంగా.

"ఇంత చక్కని అక్షరాలతో ఇంత పాడుమాట రాసేకి చెయ్యెట్ల వచ్చింది నీకు?"

అతను నోరు తెరిచేలోగా తోటమాలి రహమాన్ కడవతో వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. ఆ పార్కులో ఆయన చేత్తో నాటని చెట్టు లేదు. చదువు రాదు.

"ఏం రాసినారు బిడ్డా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆదినారాయణే తలవంచుకుని చెప్పాడు. రహమాన్ వంగి చెట్టు మొదట్లో మట్టి తడి చూశాడు. తర్వాత కడవ ఎత్తుకున్నాడు.

"ఒకటో తేదీ దాకా నీళ్ళు పోయొచ్చు గదా సామీ?"

ఆ రాత్రి ఆదినారాయణకు అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం వనజ పిల్లలతో మందారాలకు నీళ్ళు పోయిస్తుంటే, గుమాస్తాగారు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, రెండు బకెట్లతో ప్రత్యక్షమయ్యారు.

"ఏందిది? బకెట్ల మీద గూడా నోటీసు అంటించినావా?"

"లేదు టీచరమ్మా. యాడ పోయాల్నో చెప్పండి."

"ముందు నడిచేది నేర్చుకో. సగం నీళ్ళు నీ కాళ్ళకే పోస్తాండావు."

పిల్లలు ఫక్కున నవ్వారు. వనజ నవ్వు ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది గాని, బుగ్గ మీద సొట్ట దాగలేదు. ఆదినారాయణ ఇంకో నాలుగు బకెట్లు ఎక్కువే మోశాడు.

వారం గడిచింది. అతనికి బకెట్ మోయడం వచ్చింది, ఆమెకు అతని కోసం గేటు వైపు చూడటం అలవాటైంది.

ఒకరోజు వనజ అంది, "పంచాయతీకి అర్జీ పెట్టాల. బడిపిల్లల అమ్మలందరూ వేలిముద్ర వేస్తామన్నారు. నువ్వు రాసియ్యి."

"నేనా? పంచాయతీ ఉద్యోగిని. తెలిస్తే నా పని అంతే."

"సరే, వద్దులే." ఆమె మొహం తిప్పుకుంది.

"రాయనని యాడ చెప్పినా? కాగితం ఇయ్యండి."

మీటింగు నాడు పాతికమంది ఆడవాళ్ళు వనజ వెంట పంచాయతీ ఆఫీసుకు వచ్చారు. ప్రెసిడెంటు అర్జీ అందుకున్నాడు. రెండు పంక్తులు చదివి, కళ్ళజోడు సవరించుకుని, మూలన కూర్చున్న గుమాస్తా వైపు చూశాడు.

"ఆదినారాయణా, ఈ 'క్ష' తోక ఇట్ల తిప్పేది ఊరు మొత్తంలో నువ్వొక్కడివే గదప్పా?"

ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. "నేనే రాసినా సార్."

"నేను రాయమంటే రాసినాడు," వనజ ముందుకు వచ్చింది. "తిడితే నన్ను తిట్టండి మామా. కానీ ఒక మాట వినండి. బావులు లోతు చేసేది వద్దనలా. మాకూ నీళ్ళు కావాల. బావుల కాడ ఒలికిపోయే నీళ్ళు వీధిలో బురదైతాండాయి. చిన్న కాలువ తీస్తే పార్కులోకి పోతాయి. ఇంగ రహమాన్ తాత జీతమంటారా..." ఆమె బల్ల వైపు చూసింది. మైసూరుపాకు, కారాబూంది పళ్ళాలు నిండుగా ఉన్నాయి. "మీటింగు మీటింగుకూ ఈ టిఫిన్లు మానుకుంటే చాలదా?"

మైసూరుపాకు నోట్లో పెట్టుకున్న మెంబరు ఒకాయన నమలడం ఆపేశాడు. వెనక ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ప్రెసిడెంటుకూ అంటుకుంది.

"సరే తల్లీ. నాకెట్లా తీపి తినొద్దని డాక్టరు చెప్పినాడు. రహమాన్ ఉంటాడు. కాలువా తీయిస్తాం." తర్వాత గొంతు మార్చాడు. "కానీ ఆఫీసులో కూర్చోని ఆఫీసు మీదనే అర్జీ రాస్తే ఊరుకోలేను. ఆదినారాయణా, రేపట్నుంచి నీకు బందెలదొడ్డి డ్యూటీ."

పరాయి తోటల్లో పడి మేసిన పశువుల్ని కట్టేసే దొడ్డి అది, ఊరి చివర. పొద్దు గూకేదాకా కదలడానికి లేదు. ఆదినారాయణ పార్కు మొహం చూసి పది రోజులైంది. తనమీద కోపంతోనే రావడం లేదని వనజ అనుకుంది. అర్జీ పని అయిపోయాక తనెందుకు గుర్తుంటానని అతననుకున్నాడు.

పదకొండో రోజు మబ్బు పట్టింది. ఒక గేదె దొడ్డి దగ్గరికి వచ్చింది. పలుపు పట్టుకున్నది వనజ.

"పార్కులో మందారాలు మేసింది. కట్టేసుకో."

ఆదినారాయణ రిజిస్టరు తెరిచాడు. "ఎవరిది?"

"మాదే."

కలం ఆగింది. "మీ ఎనుమును మీరే తోలుకొచ్చినారా?"

"మరి ఈడికి వచ్చేకి నాకింకే సాకూ దొరకలా." వనజ దొడ్డిలోకి చూసింది. "నా వల్ల నీకీ పేడకంపు. కోపమా?"

"కోపమా? రోజూ ఈ గేటు కాడ నిలబడి పార్కు దిక్కే చూస్తాండా వనజా. చెట్ల కోసరమనుకుంటివా?"

టీచరమ్మ అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె పలుపును వేలికి చుట్టుకుంటూ, "ఎవురి కోసరమో గట్టిగా చెప్పు," అంది.

"నీ కోసరం."

అతనంత గట్టిగా చెబుతాడని ఆమె అనుకోలేదు.

అప్పుడే దారివెంట కేక. "నా ఎనుము యాడికి పాయె!" వనజ తల్లి భారతమ్మ ఆయాసపడుతూ వచ్చింది. పాలమ్మి ఒక్కతే కూతుర్ని చదివించిన మనిషి. "ఏమబ్బీ, ఎవురు తోలినారు దీన్ని?"

"అది... జరిమానా నేను కడతా అత్తా," అన్నాడు ఆదినారాయణ తడబడి.

ఆ సీమలో పెద్దావిడను ఎవరైనా అత్తా అనే అంటారు. కానీ అతని చెవులు ఎర్రబడ్డాయి. వనజ తల దించుకుంది. భారతమ్మ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అర్జీ రాసిన పిల్లోడు నువ్వేనా?"

"ఊ."

"ఉద్యోగం పోతాదని తెలిసీ రాసినావంట."

"పోలేదు గదా అత్తా."

"పోతే ఏం చేస్తాంటివి?"

"ఇంకోటి వెతుక్కుంటాంటి. ఆ పొద్దు రాయకుంటే మాత్రం ఆయమ్మి మొహం మళ్ళీ చూడలేకపోతాంటి."

భారతమ్మ పెదవుల మీద నవ్వు మెదిలింది. ఆమె కూతురి చేతిలోని పలుపు అందుకుంది.

"మీ అమ్మ జమ్మలమడుగులోనే గదా. ఆదివారం పిల్చుకోని రా. మాట్లాడాల."

"ఎనుము గురించా అత్తా?"

"ఎనుము గురించి మీ అమ్మెందుకబ్బా!"

చినుకులు మొదలయ్యాయి. ఏడాదిగా ఎదురుచూసిన వాన. కొత్త మట్టివాసన దొడ్డి కంపును కమ్మేసింది. భారతమ్మ కొంగు తలమీదికి లాక్కుని, గేదెను అదిలించి బయల్దేరింది. వెంట నడవబోయిన వనజను చేత్తో ఆపింది.

"నువ్వు తడవాకు. వాన నిల్చినాక రా."

ఆమె మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూరు కింద నిలుచున్నారు. చూరు నీళ్ళు వాళ్ళ ముందు తెరలా జారుతున్నాయి.

"ఇప్పట్లో నిలిచేట్టు లేదు," అన్నాడు ఆదినారాయణ.

వనజ దోసిలి చాపి వాననీళ్ళు పట్టుకుంది.

"నిలిచినా నువ్వు చెప్పాకు," అంది.