ఆరున్నర ఫోను

ఆ గురువారం పొద్దున హేమలత లాప్‌టాప్ ముందు కూర్చుని పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెబుతోంది. బెంగళూరు ట్యూషన్ కంపెనీ వాళ్ళ బ్యాచి. ఆరు గంటలకు మొదలై ఏడింటికి ముగుస్తుంది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు తెర మీద చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తున్నారు. ఆమె గడియారం వంక చూసింది. ఆరూ ఇరవై తొమ్మిది. చెబుతున్న లెక్కను గబగబా ముగించబోయింది.

వసారాలో ల్యాండ్‌లైన్ ఫోను ట్రింగుమంది. తెర మీది పిల్లలందరూ ఒక్కసారిగా బొమ్మల్లా బిగుసుకుపోయి, ఆ మరుక్షణం మాయమయ్యారు.

అదే తంతు రోజూ. పాత రాగి తీగ, దానికి ఎన్ని అతుకులో. ఫోను మోగితే చాలు, నెట్ పోతుంది. మళ్ళీ రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది.

"ఆఁ, అక్కా! లేసినావా? ఏం జేస్తాండావు?" వసారాలో మామగారు దేవరాజులు గట్టిగా మాట్లాడుతున్నారు. "నేను బాగుండా. సరే, సరే. పెట్టేస్తా."

అంతే మాట్లాడతారు. అర నిమిషం కూడా ఉండదు. ఆ అర నిమిషం కోసం ఆయన ఆరు గంటల నుంచీ ఆ ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. చేసేది ఆయన అక్క బయ్యమ్మ. నిమ్మనపల్లె దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. పిల్లల్లేరు, మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. ఒక ఆవు ఉంది.

ఎనిమిదింటికి కంపెనీ నుంచి సుష్మ మేడమ్ ఫోను చేసింది. "హేమలతగారూ, ఈ నెలలో ఇది పదకొండోసారి. తల్లిదండ్రులు ఊరుకోవడం లేదు. ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా జరిగే క్లాసుకు నేనే వచ్చి కూర్చుంటాను. ఆ రోజు కూడా ఇలాగే అయితే బ్యాచి వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదు."

హేమలత వంటింట్లోకి వెళ్ళింది. అత్త పద్మావతి చిత్రాన్నానికి పోపు వేస్తోంది. మామగారు కాఫీ తాగుతున్నారు.

"మామా, ఫైబర్ పెట్టించుకుందామని ఎన్నాళ్ళ నుంచి అడగతాండాను? వీధంతా మారిపోయినారు. మనమొక్కరమే ఉండాము."

"ఈ లైనుకు ఏమొచ్చె? బాగానే ఉండాది గదా. సాయంత్రం స్తంభం కాడ అతుకు మళ్ళీ సూస్తాలే."

"అరవై ఏడేళ్ళ వయసులో మీరు నిచ్చెనెక్కద్దు. గుండెకు స్టెంటు ఏసిండారు."

"నేను లాగిండే తీగమ్మా అది. ముప్పై రెండేళ్ళు టెలిఫోను లైన్‌మన్‌గా చేసినా, పుంగనూరులో నేనెక్కని స్తంభం లేదు. నాకు తెలీదా?"

ఆయన గ్లాసు కింద పెట్టి లేచిపోయారు. ఆయన ఎప్పుడూ అంతే. మాట గట్టిపడుతుందనగానే లేచి వెళ్ళిపోతారు. హేమలతకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భర్త నాగేంద్రకు కుప్పంలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. అతనికి ఫోను చేస్తే, "నాయనకు నేను చెప్తాలే, కొంచెం ఓర్చుకో" అన్నాడు. ఆ మాట ఏడాదిగా వింటోంది.

శనివారం ఆరున్నర ఫోను అయ్యాక అత్తామామలు గంగవరంలో పెళ్ళికి బయలుదేరారు. వాళ్ళ బస్సు కదిలి ఉంటుందో లేదో, హేమలత ఫైబర్ పెట్టే చరణ్‌కు ఫోను చేసింది. పదింటికల్లా అతను మనుషులతో వచ్చాడు.

"అక్కా, పాత నంబరే కావల్లంటే అప్లికేషన్ పెట్టల్ల, నాలుగైదు రోజులు పడతాది. కొత్త నంబరైతే ఈ పొద్దే ఇచ్చేస్తా."

హేమలత ఒక్క నిమిషం ఆలోచించింది. రేపే ఆదివారం. "కొత్తదే ఇయ్యప్పా."

"ఆ పాత వైరు అడ్డంగా ఉండాది. తీసేద్దామా?"

"తీసెయ్."

వాళ్ళు స్తంభం నుంచి ఇంటిదాకా ఉన్న తీగను కోసి, చుట్టలు చుట్టి, ఆటోలో వేసుకుపోయారు. గోడ మీద కొత్త పెట్టె పచ్చగా వెలిగింది. హేమలత లాప్‌టాప్ తెరిచి చూసింది. పేజీలు కన్నుమూసి తెరిచేలోగా వచ్చేస్తున్నాయి. అయినా ఆమెకు కుదురు లేదు. ఇల్లు రెండుసార్లు ఊడ్చింది. వీధి తలుపు దగ్గరకు వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

సాయంత్రం ఐదింటికి దేవరాజులు గేటు తీస్తూనే తలెత్తి చూశారు. ఎన్నో ఏళ్ళుగా తీగలు చూసిన కన్ను. చెప్పులు విప్పకుండానే వసారాలోకి వచ్చి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఎవురు కోసింది?"

"నేనే కోయించినా మామా," అంది హేమలత. "రేపు క్లాసు పోతే నా పని పోతాది. మిమ్మల్ని అడిగి అడిగి విసిగిపోయినా."

"తీగ యాడ పెట్టినారు?"

"ఎత్తుకుపోయినారు."

"నంబరు?"

"కొత్తది. పెద్దత్తకు కొత్త నంబరు చెప్పండి. లేకుంటే నా సెల్ నంబరియ్యండి. ఆ ఒక్క ఫోనుకోసం నా బతుకు..." ఆమె మాట తుంచుకుంది.

"ఏమని ఇచ్చేది!" దేవరాజులు అరిచారు. ఆయన అలా అరవడం పద్మావతి కూడా ఎప్పుడూ వినలేదు. "ఏమని ఇచ్చేదమ్మా నేను? యాడ రాసుకుంటాది ఆమె?"

"పక్కింటి మారప్పనో ఎవురినో అడిగి రాయించుకోమనండి! అందరూ మార్చుకుంటాండారు, ఆమె మార్చుకోలేదా? ఈ ఇంట్లో నా పని ఒక పనే కాదు. పొద్దున్నే లేసి వంటింట్లోకి పోతే అది పని. కంప్యూటర్ ముందర కూర్చుంటే ఆట!"

పద్మావతి మధ్యలోకి వచ్చింది. "ఊరుకో హేమా. ఏమండీ, మీరన్నా కూర్చోండి. అక్కకు మీ సెల్ నుంచి చెయ్యండి."

ఆయన అప్పటికే చేస్తున్నారు. స్విచాఫ్. చార్జింగ్ అయిపోతుందని బయ్యమ్మ పొద్దున ఒక్కసారి ఫోను చేసి, మళ్ళీ ఆపేసి గూట్లో పెట్టేస్తుంది. ఆయన పదిసార్లు చేశారు. రాత్రి అన్నం దగ్గరకు రాలేదు.

ఆదివారం హేమలత లేచేసరికి మామగారు లేరు. "తొలి బస్సుకే అక్క దగ్గరికి పోయినాడు," అంది పద్మావతి ముభావంగా.

ఆరింటికి క్లాసు మొదలైంది. ఎక్కడా ఆగలేదు. పిల్లలు అడుగుతున్నారు, ఆమె చెబుతోంది, ఒక మూల గడిలో సుష్మ మేడమ్ తలాడిస్తోంది. అన్ని నెలల్లో మొదటిసారి హేమలత ఊపిరి పీల్చుకుంది.

ఏడూ ముప్పావుకు నాగేంద్ర తలుపు తోసుకుని వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. సెల్ ఆమె చేతికిచ్చాడు.

"అమ్మా హేమా," అవతల మామగారి గొంతు. ఎగశ్వాస. "అక్క ఇంట్లో లేదమ్మా. తలుపుకు గొళ్ళెం ఏసుండాది. ఆరున్నర నుంచి బస్సులో కూర్చోని చేస్తానే ఉండా. ఎప్పుడు చేసినా వేరే కాల్‌లో ఉండారని వచ్చె. మన పాత నంబరుకే చేస్తా ఉండిందేమో. తరవాత స్విచాఫ్. తమ్మునికి ఏదో అయిపొయ్యిందని, పుంగనూరుకు రావల్లని మదనపల్లె బస్సెక్కిందంట, ఆడ బస్సు మారల్ల. మారప్ప ఎక్కించినాడు, వానికి తెలీదు..."

"ఏం తెలీదు మామా?"

"అక్కకు కండ్లు కనిపించవమ్మా. షుగరుతో పోయినాయి, రెండేళ్ళాయె. ఎవురికీ చెప్పద్దని నా చేత ఒట్టేయించుకునింది. తెలిస్తే అందరూ జాలి పడతారు, ఆవును అమ్మిచ్చేస్తారు, నన్ను ఒక మూల కూర్చోబెడతారు అని. సెల్ మారినా ఇంటి నంబరు మారదని, ఆ పదకొండు అంకెలు నేనే ఆమె ఏలు పట్టుకోని నేర్పించినా. నెల పట్టింది. పొద్దున ఆమె ఫోనొస్తే లేచిందని నాకు తెలుస్తాది. నేను ఎత్తితే ఉండానని ఆమెకు తెలుస్తాది. అంతేనమ్మా మాకుండేది."

హేమలత కుర్చీలోంచి లేచింది. పాత తీగ కోసేశాక దానికి ఫోను చేస్తే అవతలివాళ్ళకు మోగుతున్నట్టే వినిపిస్తుందని ఆమెకు ఇప్పుడు తట్టింది. చీకట్లో ఒక ముసలామె చెవికి ఫోను ఆనించుకుని ఎన్నిసార్లు వింది ఆ మోత?

"మేడమ్, నేను పోవాల," అంది తెర వైపు తిరిగి. ఇంకో పదిహేను నిమిషాల క్లాసు ఉంది. జవాబు కోసం ఆగలేదు.

ఇద్దరూ బైకు మీద మదనపల్లెకు బయలుదేరారు. దారిలో హేమలత అడిగింది. "నీకు తెలుసునా?"

"లేదు. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు గోడ పట్టుకోని నడస్తా ఉంటే మోకాళ్ళ నొప్పులనుకున్నా."

తానూ అలాగే అనుకుంది. మజ్జిగ గ్లాసు అందుకోబోయి ఒలకబోస్తే, పెద్దతనమని తుడిచేసింది.

బస్టాండు జనంతో కిటకిటలాడుతోంది. ఇద్దరూ చెరో వైపు పరిగెత్తారు. హేమలత ఒక్కో బెంచీ చూసుకుంటూ, కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ పోయింది. పుంగనూరు బస్సులు ఆగే చోట, పూలమ్మే ఆమె బుట్ట పక్కన, నేల మీద కూర్చుని ఉంది బయ్యమ్మ. చీర అంచు మట్టి కొట్టుకుపోయింది. మోకాలి దగ్గర చీర మీద రక్తం మరక. బస్సు వస్తుంటే అందరితోపాటు లేచి, తోపులాటలో పడిపోయిందట. "పట్టుకుంటానంటే పట్టుకోనియ్యలేదమ్మా," అంది పూలామె.

"పెద్దత్తా!"

బయ్యమ్మ తల ఎత్తింది. కళ్ళు హేమలత భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. రెండు చేతులూ గాలిలో వెతికి, హేమలత చెయ్యి దొరకగానే గట్టిగా పట్టేసుకున్నాయి.

"హేమా, నువ్వేనా? మొదట ఒక్కటి చెప్పు. నా తమ్ముడు ఉండాడా, పొయ్యినాడా?"

"ఉండాడు పెద్దత్తా! ఉండాడు. బాగుండాడు. మీకోసం మీ ఊరికే పోయిండాడు."

"అట్లయితే ఫోను యాల ఎత్తలేదు? పందొమ్మిదిసార్లు చేసినా."

హేమలత ఆ మట్టిలోనే మోకాళ్ళ మీద కూలబడి, ఆమె ఒడిలో తల పెట్టి భోరుమంది. "నేనే పెద్దత్తా. నేనే తీగ కోయించేసినా. నాకు తెలీదు."

బయ్యమ్మ చెయ్యి హేమలత తల మీదికి వచ్చి ఆగింది. "చెప్పలేదు గదమ్మా నీకు. చెప్పకుంటే ఎట్ల తెలస్తాది? నా పంతమే ఇది."

నాగేంద్ర ఫోను చేసిన అరగంటకు దేవరాజులు వచ్చారు. అక్కను చూసి దగ్గరికి రాలేక దూరంగానే నిలబడిపోయారు. అడుగుల చప్పుడు పోల్చుకుంది బయ్యమ్మ. "వచ్చినావా రా? ఇంత బతుకు బతికి నన్ను బస్టాండులో కూర్చోబెడితివే," అంది నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆయన కోడలి వైపు తిరిగారు. "నిన్న అరిసినానమ్మా. మనసులో పెట్టుకోవద్దు. ఒట్టని నోరు మూసుకుంటి. నీ పని గురించి అడగనన్నా అడగలేదు నేను."

"మీరు క్షమించమంటే నేను బతకలేను మామా," అంది హేమలత.

పుంగనూరుకు రమ్మంటే బయ్యమ్మ ససేమిరా అంది. "సాయంత్రం ఆవుకు పాలు పిండల్ల. పొద్దున పిండి వచ్చినా, మళ్ళీ ఎవురు పిండతారు?" మోకాలికి కట్టు కట్టించుకుని, నిమ్మనపల్లె బస్సే ఎక్కింది. అందరూ ఆమెతోనే బయలుదేరారు, నాగేంద్ర బైకు మీద వెనకాల.

బస్సులో హేమలత సెల్ మోగింది. సుష్మ మేడమ్ సందేశం: బ్యాచి వేరే టీచరుకు ఇచ్చామని, వచ్చే నెల సాయంత్రం బ్యాచిల్లో ఖాళీ ఉంటే చూద్దామని. హేమలత చదివి, సరేనని రాసి పెట్టేసింది. బాధ లేకపోలేదు. రేపు దాని సంగతి చూసుకుంటుంది.

తరువాత హేమలత, బయ్యమ్మ సంచిలోంచి బటన్ల ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆమె కుడిచేతి చూపుడువేలు తన వేళ్ళ మధ్య పట్టుకుంది.

"ఇది నా నంబరు పెద్దత్తా. నేను యాడ పోయినా నాతోనే ఉంటాది, ఎవురూ కోయలేరు. మొదటిది తొమ్మిది. నడిమధ్యన గుబ్బ ఉండాది సూడండి, అది అయిదు. దానికింద ఎనిమిది. దాని పక్కన తొమ్మిది."

"ఎన్ని అంకెలమ్మా?"

"పది."

"ఒకటి తక్కువేలే," అంది బయ్యమ్మ. వేలు తడబడింది. తప్పు నొక్కింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ముందు సీటులో దేవరాజులు కిటికీ వైపు ముఖం తిప్పుకుని, పైపంచెతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

ఊరు వచ్చేలోగా ఆరు అంకెలు వచ్చాయి. మిగిలిన నాలుగూ పాలు పిండాక నేర్చుకుందామని ఇద్దరూ బస్సు దిగారు.