చివరి గదిలో గొంతు

మూడో అంతస్తులో చిట్టచివరి గదంటే ఆ ఆస్పత్రిలో అందరికీ హడలే. పగలు అక్కడికి పిలిచారంటే రోగి తాలూకు వాళ్లకి కాళ్లాడవు — డాక్టర్లు చెడ్డ కబురు చెప్పేది అక్కడే. ఇక రాత్రిళ్లయితే... విన్న కబురు నమ్మలేక గుండె ఆగి చచ్చిపోయిన మనిషెవరో దెయ్యమై లోపల కూర్చుని ఆ మాటే గొణుక్కుంటూ ఉంటుందట. ఊడ్చే ఆయా కూడా చీకటి పడ్డాక అటు తొంగిచూడదు.

ఆ గదిలో ఒక రాత్రి జరిగిన సంగతిది, అప్పుడు డ్యూటీలో ఉన్న పెద్ద నర్సు చెప్పగా విన్నది.

డాక్టరు చదువు నాలుగో ఏడాదిలో ఒక పిల్ల ఉండేది. అందరూ చిన్న డాక్టరమ్మ అనేవాళ్లు. చదువులో దిట్టే. కానీ రోగి బంధువులు ఎదురైతే నోరు పెగిలేది కాదు. ఆ సాయంత్రం ఆరో నంబరు మంచం మీది అమ్మాయి తల్లి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"నా కూతురి ఈడుదానివి. దాచకమ్మా. లేస్తుందా?"

లేవదు. రక్తమంతా విషమైపోయి ఆ అమ్మాయి రెండ్రోజులుగా కళ్లు తెరవలేదు. ఆ సంగతి చిన్న డాక్టరమ్మకి తెలుసు. 'పెద్ద డాక్టరుగారిని అడుగుదాం రండి' అన్నా సరిపోయేది.

"లేస్తుంది ఆంటీ... రేపటికి తేరుకుంటుంది," అనేసి తప్పించుకుంది.

ఆ పూట ఆ తల్లి నాలుగు ముద్దలు తింది. చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. వార్డు బయట బెంచీ మీద హాయిగా నిద్రపోయింది.

రాత్రి రెండు దాటింది. సెలైన్ స్టాండు ఒకటి కావాల్సొచ్చింది.

"చివరి గదిలో ఉంటుంది, తెచ్చిపెట్టు తల్లీ," అంది పెద్ద నర్సు, రాత్రి డ్యూటీలోనే ఉన్న చిన్న డాక్టరమ్మతో.

వసారా పొడుగునా ఒక్కటే ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటూ... చివరి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి. చెయ్యి చాపబోయి — ఆగిపోయింది.

గొంతు.

"పోతుంది... మన పిల్ల పోతుంది..."

చిన్న డాక్టరమ్మ ఒళ్లు జలదరించింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"అలా కాదు... అలా కాదు..." మళ్లీ అదే గుసగుస. "ఇలా చూడు... ఏడవకు... పోతుంది..."

గోడ తడిమింది. స్విచ్చి తగిలింది.

దెయ్యం కాదు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని, ఆరో నంబరు అమ్మాయి తండ్రి.

"పెద్ద డాక్టరుగారు రాత్రి పదింటికి చెప్పారమ్మా," అన్నాడాయన, వెలుగుకి కళ్లు చికిలిస్తూ. "తెల్లారేదాకా ఉండటం కష్టమేనట. మా ఆవిడకెలా చెప్పాలో... ఇక్కడ అని చూసుకుంటున్నా. నోరు రావట్లేదు. ఎవరో డాక్టరమ్మ రేపు లేస్తుందని చెప్పిందట. ఆ ఆశతో పడుకుంది. నా మాట నమ్ముతుందా?"

చిన్న డాక్టరమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

"చెప్పింది నేనేనండీ... భయమేసి చెప్పాను."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీని మెల్లగా గోడకి జరిపాడు, అంతే.

"నేనూ వస్తాను," అంది. "నా మాట నేనే వెనక్కి తీసుకుంటాను."

ముందు డ్యూటీ డాక్టరుని నిద్రలేపింది. ముగ్గురూ బెంచీ దగ్గరికి వెళ్లారు. అలికిడికే లేచి కూర్చున్న తల్లి, మొగుడి మొహం చూసింది. చిన్న డాక్టరమ్మ ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"ఆంటీ, సాయంత్రం నేను మీకు అబద్ధం చెప్పాను. అమ్మాయి లేవదు. ఈ రాత్రి దాటడం కష్టం."

తల్లి గోడ గడియారం వంక చూసింది.

"ఏడింటికి అడిగానమ్మా నిన్ను," అంది నెమ్మదిగా. "అప్పుడే చెప్పి ఉంటే... ఇంతసేపూ దాని పక్కనే కూర్చునేదాన్ని కదా."

చెప్పులు కూడా వేసుకోకుండా లోపలికి నడిచింది.