తోడు నవ్వు

నేను పెనుకొండ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పల్లెల్లో ఎవరు ఎవరి ముందు నవ్వొచ్చు, ఎవరు నవ్వకూడదు అన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మామ ఎదుట కోడలు నవ్వకూడదు. బావను చూసి మరదలు ఎంతైనా నవ్వొచ్చు. ఇలాంటివి అడుగుతూ తిరుగుతుంటే, ఎండాకాలం చివర్లో ఒకరోజు గుడిబండ దగ్గరి పల్లెకు వెళ్లాను.

చౌడక్క ఇంటి వసారాలో కొందరు ఆడవాళ్లు విత్తనానికి శనక్కాయలు వలుస్తున్నారు. గాలి లేదు. పొట్టు దుమ్ము గొంతులో గరగరలాడుతోంది. నేనూ కూర్చుని చేయి వేశాను. ఒకరు ఏదైనా అంటే అందరూ కలిసి నవ్వుతున్నారు. అందులో వింతేమీ లేదు. కానీ చౌడక్క కోడలు పుష్పావతి తనలో తానే ఏదో తలుచుకుని కిసుక్కుమంది. సంగతేమిటో తెలియకుండానే మిగతావాళ్లు వెంటనే గొంతు కలిపారు. నోళ్లు నవ్వుతున్నాయి. కళ్లు మాత్రం వీధిలోకి చూస్తున్నాయి.

"ఎందుకు నవ్వినారక్కా?" అన్నాను.

చౌడక్క చేతులు ఆగలేదు. "ఒక్కతే నవ్వితే తోడొస్తాదమ్మా."

"ఏమొస్తాది?"

"తోడే. నవ్వుకు తోడు కావల్ల గదా. మనం ఇయ్యకపోతే అదిస్తాది."

నా థీసిస్‌కు మంచి అధ్యాయం దొరికిందనుకున్నాను. ఇంకాసేపు మాట్లాడి, బస్సుకు వేళవుతోందని బయల్దేరాను.

బస్సు ఆగే చోటికి చేల మధ్య మట్టిబాట. ఎండ ఇంకా తగ్గలేదు. సగం దారిలో ఉండగా హిందూపురం నుంచి అమ్మ వీడియో పంపింది. ఇంకా పాకడం కూడా రాని మా బాబు యువరాజ్ తుమ్మి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు. నాకు నవ్వాగలేదు. గట్టిగా నవ్వేశాను.

నా పక్కన ఇంకెవరో నవ్వారు.

తిరిగి చూశాను. దున్నిన చేలు. ఖాళీ బాట. నేను నోరు మూసుకున్నాను. నవ్వు ఆగలేదు…

అది నా గొంతే. కానీ మధ్యలో ఊపిరి తీసుకోవడం లేదు.

పరిగెత్తాను. చెప్పు తెగిపోయింది. వదిలేసి పరిగెత్తాను. అది నా చెవి పక్కనే వస్తోంది… అంతే దగ్గరగా… తొందరేమీ లేకుండా.

మళ్లీ తన వసారాలోకే వచ్చి పడ్డ నన్ను చూసి చౌడక్క గుసగుసగా అడిగింది. "నవ్వినావా?"

తలూపాను.

"నవ్వండే," అంది అందరితో. "నువ్వూ నవ్వు. ఎవరి నవ్వో దానికి తెలీకుండా పోవల్ల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతుండగా, ఏడుపూ నవ్వూ కలిసిపోయేదాకా నవ్వాము. ఒకరు ఊపిరి కోసం ఆగితే ఇంకొకరు అందుకున్నారు. అందరి మధ్యా ఆ ఒక్క గొంతు మాత్రం ఆగకుండా తిరిగింది. చాలాసేపటికి వసారా దాటింది. బాట వెంబడి దూరమైంది.

చౌడక్క చెవి రిక్కించి విన్నది. "పాయె," అంది.

పుష్పావతి మెల్లగా అడిగింది. "మీది ఏ ఊరు మేడం?"

"హిందూపురం."

ఆమె బాట వైపు చూసింది, తర్వాత అత్త ముఖం చూసింది. ఆ నవ్వు పోయింది కూడా బస్సు దారినే.

బస్సులో దారి పొడుగునా అమ్మకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది… ఎత్తడం లేదు. మహేష్‌కు చేశాను. నా భర్త ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. అదీ మోగుతోంది. కూర్చోలేక, సీటు ఉన్నా లేచి నిలబడ్డాను.

వీధి దీపాలు వెలిగే వేళకు ఇల్లు చేరాను. గేటు దగ్గరికే నవ్వులు వినిపించాయి. హాల్లో అమ్మా, మహేషూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. బిడ్డ అమ్మ ఒడిలో ఉన్నాడు.

"ఎందుకు నవ్వుతాండారు?"

గడపలో నన్ను చూసి అమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఒసే నీలా… నువ్వు లోపల ఉండావు గదే. నువ్వు నవ్వుతాంటే గదా మాకూ నవ్వొచ్చె."

"నేనిప్పుడే వస్తాండానమ్మా."

అమ్మ గొంతు సన్నగిల్లింది. "ఇంతకుముందే బిడ్డకు పాలిచ్చి, నా చేతికిచ్చి, వంటింట్లోకి పోతివి…"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

గబగబా వెళ్లి యువరాజ్‌ను ఎత్తుకున్నాను. వాడు నా ముఖం వైపు చూడలేదు. నా భుజం మీదుగా వంగి వంటింటి వైపు రెండు చేతులూ చాచాడు. వాడి పెదాల మీద పాలు ఇంకా తడిగా ఉన్నాయి.