వై నొక్కిందెవరు?

కంప్యూటర్ బతికే ఉంది. అందులోని రెండేళ్ల వేరుశనగ కొనుగోళ్ల లెక్కలే చచ్చాయి.

1988 జూన్. ఉరవకొండలో ఒక నూనె మిల్లు. పొద్దున తొమ్మిదింటికి యజమాని హనుమంతరాయుడు పూజ చేయించి, కంప్యూటర్‌ను నడిపే పాత డాస్ తీయించి కొత్త డాస్ ఎక్కించబోయాడు. పదింటికల్లా డిస్క్ ఖాళీ. సంగతి తెలిసి రైతులు గేటు దగ్గర మూగారు.

"టైపిస్టు మస్తానాబీ పనే సార్. జీతం పెంచలేదని కసితో తుడిచేసినాది. అరెస్టు చేయండి," అన్నాడు హనుమంతరాయుడు.

ఇన్‌స్పెక్టర్ గంగాధరప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. మెడలో పూలదండ ఇంకా తీయలేదు. ఏం ఘనకార్యం చేశాడని?

మస్తానాబీ వరండాలో ఉంది.

"పూజప్పుడు యాడుంటివమ్మా?"

"ఈడే సార్. లోపలికి రావద్దన్నారు. ఉద్యోగం పోతే పోనీ. దొంగ అన్న పేరొస్తే ఈ ఊర్లో నాకు ఇంగో పని యాడ దొరుకుతాది?"

ఇన్‌స్పెక్టర్ కొత్త డాస్ ఎక్కించడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు వైపు తిరిగాడు.

"ఫార్మాట్ కమాండ్ ఇచ్చాను సార్. డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, కానివ్వాలా, వైయా ఎన్నా అని అడిగింది. అలాగే వదిలి టీకి వెళ్లాను. వచ్చేసరికి అయిపోయింది."

"బ్యాకప్?"

"ఉంటుందనుకున్నాను."

"నకలు తీసిపెట్టేకి ఫ్లాపీలు కొనియ్యమంటే అయ్యగారు దండగన్నారు," అంది మస్తానాబీ.

ఒకడికి పిసినారితనం, ఇంకొకడికి టీ. గంగాధరప్పకు ఒళ్లు మండింది. అందరినీ వెంటబెట్టుకుని లోపలికెళ్లి కీబోర్డు మీదికి వంగాడు.

"బొట్లు పెట్టిందెవరు?"

"నేనే!" హనుమంతరాయుడు ఛాతీ విరిచాడు.

"మానిటర్‌కు పెట్టినావు, సరే. కీబోర్డులో వై మీద, ఎంటర్ మీద మాత్రమే కుంకుమ ఉండాది. ఈ రెండిటి మీదే ఏం భక్తప్పా?"

హనుమంతరాయుడు గబుక్కున వేలు పంచెకు తుడుచుకున్నాడు.

"ముహూర్తం దాటిపోతాన్నింది సార్. ఎన్ అంటే నో కదా! శుభమా అని మొదలుపెడతా వద్దంటామా? అపశకునం. అందుకే వై కొట్టినా."

"తెర మీద రాసింది చదివినావా?"

"అంత ఇంగ్లీషు యాడొస్తాది సార్?"

"డేటా పోయిందని తెలిసినాక?"

"నలుగురిలో పరువు..."

"థూ! నీ పరువుకు ఈమె జైలుకు పోవాల్నా?"

హనుమంతరాయుడు మస్తానాబీ వైపు తిరిగి చేతులు జోడించాడు. "కాగితాలుండాయి కదా. మళ్లీ ఎక్కియ్యి తల్లీ."

"పొద్దున దొంగంటిరి. ఇప్పుడు తల్లినా? గేటు కాడికి పోయి, తుడిచింది నేనేనని రైతులకు చెప్పండి. ఆమీన ఎక్కించేది చూస్తా."

ఇన్‌స్పెక్టర్ తలుపు తీసి పట్టుకున్నాడు. హనుమంతరాయుడు గేటు దాకా నడిచి, నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పండి అయ్యా," వెనక నుంచి మస్తానాబీ కేకేసింది, "రోడ్డు మీదోళ్లకు వినపడలే."