కొట్టేసిన ‘టీ’

సతీశ్ చేసిన తప్పల్లా ఒక్కటే. కాలేజీ వార్షికోత్సవానికి భవిత రాసిన ఇంగ్లిష్ నాటకంలో "హ్యాస్ట్" అని కనబడిన ప్రతిచోటా చివరి ‘టీ’ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీలో అతను మెకానికల్ లెక్చరర్, ఆమె ఇంగ్లిష్. పొడుగ్గా ఉన్నాడని రాజు వేషానికి అతన్ని పట్టుకొచ్చారు.

"ఎవరు దిద్దమన్నరు నిన్ను?" భవిత కాగితాలు ఊపింది.

"స్పెల్లింగ్ తప్పనుకున్న మేడం. నలుగురిల మీకు ఇజ్జత్ పోతదని..."

"అబ్బా, ఎంత దయ! గది పాత ఇంగ్లిష్. ‘దౌ’ అంటే నువ్వు. దౌ అంటే హ్యావ్ పోయి హ్యాస్ట్ వస్తది. మనం నువ్వు వచ్చినవ్, నువ్వు తిన్నవ్ అనమా? మన ‘వ్’ అసొంటిదే వాళ్ల ‘స్ట్’."

"మరిప్పుడెందుకు లేదు?"

"అందర్నీ మర్యాదగ యూ, యూ అనుకుంట పోయిన్రు. దగ్గరోళ్లను పిలిచే మాటే పోయింది."

"పాపం" అన్నాడు సతీశ్, నిజంగానే బాధపడుతూ. భవిత కోపం సగం దిగిపోయింది.

మిగతా సగం రిహార్సళ్లలో పోయింది. స్టేజీ మీద ‘దౌ’ అంటూ కళ్లలోకి చూసేవాడు. దిగగానే మళ్లీ మీరు! వాచ్‌మన్ బుగ్గయ్యకూ మీరే, భవితకూ మీరే. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే ఈడు. ఆమె హాయిగా నువ్వంటుంటే ఈ మహానుభావుడికేం రోగం?

ఇంతలో మీర్‌పేట్ నుంచి సంబంధం వచ్చింది. "నీ మనసుల ఎవరన్న ఉంటే ఇప్పుడే చెప్పు బిడ్డా" అన్నాడు బాపు. ఉన్నాడు. కానీ అతని మనసులో ఏముందో తెలియకుండా ఏమని చెబుతుంది?

ఆ సాయంత్రం వాన. పోర్టికోలో సతీశ్ ఒక్కడే ఉన్నాడు.

"ఆదివారం నన్ను చూడనీకి వస్తున్నరు" అంది భవిత.

అతని మొహం వాడిపోయింది. "మీరు... మంచిగుండాలె మేడం."

అంతే! భవితకు ఏడుపొచ్చింది. అది కనబడకుండా వానలోకి నడిచింది.

"ఏయ్ భవితా! ఏడికి పోతున్నవ్? తడుస్తున్నవ్!"

ఆమె ఠక్కున ఆగింది. వెనక పరుగెత్తుకొచ్చిన సతీశ్ నాలుక కరుచుకుని, మరుక్షణం తెగించేశాడు.

"ఆ సంబంధం వద్దని చెప్తవా? నన్ను చేసుకుంటవా?"

"ఇన్ని దినాలు ఏమైంది నీ నోటికి?" అని నవ్వుతూ ఏడ్చేసింది భవిత.

ఇంటికి వెళ్లి, తల తుడుచుకుంటూ బాపు బాలస్వామికి సంగతంతా చెప్పింది.

"ఎవరు, ఆ సతీశ్‌గాడా?"

"గాడు గీడు అనకు బాపు. ఆయన రేపు వాళ్లమ్మను తోల్కొని వస్తరు."

బాలస్వామి బిడ్డను ఎగాదిగా చూశాడు. "నిన్నటిదాక నువ్వే గాడన్నవ్. ఇయ్యాల ఆయన, వస్తరు... అవ్ మల్ల, గింత మర్యాద ఊకెనే రాదు" అని నవ్వి, రావద్దని చెప్పడానికి మీర్‌పేట్ వాళ్లకు ఫోన్ కలిపాడు.