షెడ్డులో ఒక్కటే ప్లగ్గు

ఆ జనరేటరును చివరికి నడిపించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా పక్కింటివాళ్ళని అడిగితే ఇంకోలా చెబుతారు. డెబ్బై ఎనిమిదేళ్ళవాణ్ణి, పల్లెటూరి బడిలో పలక పట్టినవాణ్ణి, ఇంజను లోపల ఏముంటుందో ఓనమాలు తెలియనివాణ్ణి. అయినా ఆ పూట నేను లేకపోతే ఆ ఇంట్లో ఏం జరిగి ఉండేదో మీరే చూద్దురుగాని.

పక్కింటాయన నలభై ఏళ్ళు జనరేటర్లు బాగుచేసిన మెకానిక్. అందరూ చెవి మేస్త్రి అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాడు. ఒకసారి అన్నం తింటూ, వీధిలో పోతున్న లారీకి వెనక చక్రంలో మూడో బోల్టు లూజుగా ఉందన్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఆపి చూశాను. మూడోది కాదు, నాలుగోది. అటు నుంచి లెక్కపెడితే మాత్రం మూడోదే.

ఆయన భార్యకి రెండేళ్ళ క్రితం ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మంచం పక్కన ఆక్సిజన్ మెషీన్, దాని నుంచి ముక్కుకి సన్నటి గొట్టం, రాత్రీ పగలూ అదే. కరెంటు పోతే మెషీన్ ఆగిపోతుంది. అందుకని మేస్త్రి పెరట్లో తన చేతులతో షెడ్డు కట్టి చిన్న డీజిల్ జనరేటరు పెట్టాడు. కరెంటు పోయిన పది సెకన్లలో దానంతట అదే స్టార్టవుతుంది. దాని పక్కన మేకుకి ఒక నోటుబుక్కు వేలాడేది. వారం వారం ఎంతసేపు నడిపాడో, ఆయిలు ఎంతుందో అందులో రాసుకునేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఊరికి అటు చివర కాపురం, బస్సు డిపోలో రిపేర్ల విభాగానికి సూపర్‌వైజరు. చిన్నప్పుడు తండ్రి వర్క్‌షాపులో డబ్బా మీద కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆయన ఏదో ఒకటి మోగించేవాడు, అదేమిటో ఆమె చెప్పాలి. అదే వాళ్ళ ఆట. అలా పెరిగిన పిల్ల చెవి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

పోయిన నెల ఆ చెవులే గొడవ తెచ్చాయి. నాన్నకి వినికిడి తగ్గిందని కూతురు పసిగట్టింది. నిజానికి నాకూ తెలియాల్సింది. రెండేళ్ళుగా నేను పిలిస్తే ఆయన పలకడం తగ్గించాడు. నా గొంతే సన్నబడిందేమో అనుకుని నేను అరవడం అలవాటు చేసుకున్నాను. ఆ అరుపులు విని మావాళ్ళు నాకు చెవుడొచ్చిందని నిర్ణయించారు. కూతురు మాత్రం తేల్చి చెప్పేసింది. మెషీన్ ఆగితే బీప్ బీప్‌మని అరుస్తుంది. ఆ అరుపు నాన్నకి వినబడని రోజున అమ్మని తన ఇంటికి తీసుకెళ్ళిపోతుంది. ఆమె ఇంట్లో ఇంకొక్క మంచానికే చోటుంది. అంటే యాభై రెండేళ్ళ కాపురం తర్వాత వాళ్ళిద్దరూ ఊరికి చెరో చివరా ఉండాలన్నమాట. మేస్త్రి నవ్వేసి, చెవి గురించి ఎవరితో మాట్లాడుతున్నావే అన్నాడు. నవ్వైతే నవ్వాడు గానీ, ఆ పూట నాతో చదరంగంలో ఏనుగుని గుర్రంలా నడిపించాడు.

ఇక అసలు రోజు. లైన్ల మరమ్మతు వల్ల ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా కరెంటుండదని పేపర్లో వేశారు. నేను మామూలుగానే వాళ్ళ పేపరు చదవడానికి వెళ్ళాను. కూతురు సెలవు పెట్టి వచ్చి వంటింట్లో టీ పెడుతోంది. మేస్త్రి మెషీన్‌కి వీపు పెట్టి, భార్య మంచం అంచున కూర్చుని, కావాలంటే కరెంటు పది రోజులు తీసేసుకోమను, మన జనరేటరుకి లెక్కేమిటి అని చెబుతున్నాడు.

సరిగ్గా తొమ్మిదికి ఫ్యాను ఆగింది. మెషీన్ అరిచింది. వరండాలో ఉన్న నాకే చెవులు గింగిర్లెత్తాయి. మేస్త్రి వీపు కదలలేదు. డీజిలు ఎంత మంచిదో చెబుతూనే ఉన్నాడు. కూతురు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గొట్టం పీకి పక్కనున్న చిన్న సిలిండరుకి తగిలించింది. అప్పుడు తిరిగి చూశాడు.

"ఏంటే ఆ పరుగు?" అన్నాడు.

పది సెకన్లు అయ్యాయి. ఇరవై అయ్యాయి. పెరట్లో జనరేటరు ఉలుకూ పలుకూ లేదు. సిలిండరు మీటరులో ముల్లు సగానికి కింద ఉంది, గంటంబావు వస్తుందేమో. వేరే సిలిండరు కోసం ఫోన్ చేస్తే, ఊరంతా కరెంటు లేదు కదా, మధ్యాహ్నం దాకా కుదరదన్నారు.

మేస్త్రి షెడ్డులోకి వెళ్ళాడు. ఇంజను ఆపే ఎర్ర బటను ఎవరైనా నొక్కారేమో చూశాడు. డీజిలు చూశాడు, ఆయిలు పుల్ల తీసి తుడిచి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక చేత్తో స్టార్టు బటను నొక్కి, రెండో చేత్తో స్క్రూడ్రైవరుని డీజిలు పంపుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. చప్పుడు లేదన్నాడు. డీజిలు రావట్లేదు, పైపులో గాలి చేరింది అని తీర్పు చెప్పి పైపు విప్పడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు పోయాయి. మళ్ళీ బిగించాడు. మళ్ళీ నొక్కాడు.

గుమ్మంలో నిలబడ్డ నేనూ, కూతురూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టక టక టక టక. బటను నొక్కినంతసేపూ ఆ చప్పుడు వస్తూనే ఉంది. బాగుచేయడం రాని నాకు కూడా అది వినబడుతోంది.

"నాన్నా, బ్యాటరీ," అంది కూతురు.

"బ్యాటరీ ఎందుకు పోతుంది? ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంటుందిగా. బ్యాటరీ పోతే టకటకమని కొట్టుకోదూ? నీకు నేర్పింది నేనే."

"కొట్టుకుంటోంది నాన్నా."

"ఏదీ?"

"ఇప్పుడే. నీ వేలు దాని మీదే ఉంది."

ఆయన వేలు తీయలేదు. బటను వంక చూశాడు, కూతురి మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. నేను ఎన్నో అబద్ధాలు చెప్పినవాణ్ణి. ఆ క్షణంలో ఒక్కటీ దొరకలేదు. తల దించుకున్నాను. ఆయన వేలు తీశాడు.

కూతురు అప్పుడు గట్టిగానే మాట్లాడింది. మెషీన్ అరుపు వినబడలేదు సరే, ఇంజను చప్పుడు వినబడలేదు సరే, ఒప్పుకోవడానికి ఏం అడ్డొచ్చిందని అడిగింది. ఇరవై నిమిషాలు అమ్మ ఊపిరిలోంచి తీసి పైపు విప్పడానికి ఖర్చుపెట్టావంది. ఇవాళే తీసుకెళ్ళిపోతానంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఆయన పెదవులు చూడగలిగేలా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మొన్న అమ్మ నిన్నొక మాట అడిగింది. నేను పోతే మీరొక్కరే ఉండగలరా అని. నువ్వేమన్నావో తెలుసా? సరే, అలాగే చేద్దాం అన్నావు."

మేస్త్రి డీజిలు క్యాను మీద కూర్చుండిపోయాడు. చేతిలో స్పానరు అలాగే ఉంది.

కూతురు ముల్లు చూడటానికి లోపలికి వెళ్ళింది. అక్కడ తల్లి ఆమె కొంగు పట్టుకుని, గాలి కూడదీసుకుంటూ అన్న మాట నాకు తర్వాత కూతురే చెప్పింది. "నాన్న మీద అరవకే. ఆయనకి ఎలాగూ వినబడదు. నాకు వినబడుతుంది."

అంటే ఆవిడకి అన్నీ తెలుసు. ఆయన దాచాడు, ఆవిడ దాచనిచ్చింది.

కూతురు తిరిగొచ్చేసరికి అరుపులన్నీ ఎక్కడో వదిలేసి వచ్చింది. బ్యాటరీ దగ్గర కూర్చుని ఛార్జరు వైరు పట్టుకుని గోడ వరకూ వెళ్ళింది. షెడ్డులో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. దానికి ఛార్జరు లేదు. ఛార్జరు వైరు నేల మీద పడి ఉంది. ప్లగ్గులో ఇంకేదో సన్నటి తెల్ల వైరుంది. అది పాత డబ్బాల వెనక్కి వెళ్ళింది. అక్కడ సబ్బు పెట్టెంత తెల్ల డబ్బా. మూత తీసింది. లోపల చిక్కుడు గింజల్లాంటివి రెండు, పక్కపక్కనే పడుకుని ఉన్నాయి.

వినికిడి మెషీన్లు.

మేస్త్రి స్పానరు వంక చూస్తూ కూర్చున్నాడు. కూతురు మేకుకున్న నోటుబుక్కు తీసింది. ఆయిలు లెక్కల కింద, మూడు వారాలుగా, ఆయన గుండ్రటి అక్షరాల్లో వేరే సంగతులున్నాయి. ఆమె పైకి చదవలేదు. నేను భుజం మీదుగా చదివాను. నాకా సిగ్గు లేదు.

"ఒక గంట పెట్టుకున్నాను. నా చెప్పుల చప్పుడు నాకే భయమేసింది."

"రెండు గంటలు. పిచ్చుకలున్నాయి. ఎప్పటినుంచి ఉన్నాయో."

"నాలుగు గంటలు. కిటికీ బయట నిలబడ్డాను. తన దగ్గు తెలిసింది. మాట గజిబిజిగా ఉంది."

"ఐదు గంటలు. మాట ఇంకా రాలేదు."

నోటుబుక్కు మూసి కూతురు చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగి, "బాబాయ్, మీ కారు బ్యాటరీ ఎలా ఉంది?" అంది.

ఇదిగో, నా ఘనకార్యం ఇక్కడుంది. మా కారు నెలకోసారి కదిలే ముసలిదే గానీ, పోయిన నెలే దానికి కొత్త బ్యాటరీ వేయించాను. మొదట్లో నేను గొప్పగా చెప్పుకున్నది ఆ బ్యాటరీ గురించే. దాన్ని విప్పింది కూతురు. మోసింది కూతురు. వైర్లు తగిలించింది మేస్త్రి. నేను మోసింది స్పానరు, అది కూడా తప్పు సైజుది. జనరేటరు దగ్గర నేను చేసిన ఏకైక పని, కాస్త పక్కకి జరగండి బాబాయ్ అంటే జరగడం.

బటను నొక్కగానే ఇంజను ఒక్కసారి మూలిగి, దగ్గి, అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. కూతురు లోపలికి పరుగెత్తింది. ముల్లు ఎర్ర గీతని తాకుతుండగా గొట్టం మళ్ళీ మెషీన్‌కి మారింది. మేస్త్రి ఇంజను మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. వినడానికి కాదు, నిలబడటానికి.

కూతురు తిరిగొచ్చి తెల్ల డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

"పెట్టుకో నాన్నా."

"ఇంకా సరిగ్గా పలకట్లేదమ్మా. సరిగ్గా పలకని మెషీన్ ఏనాడైనా అప్పగించానా? ఇంకో నెల పోతే, పెట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఈలోగా నువ్వు చూస్తే..." ఆగాడు. "తీసుకెళ్ళిపోతావని."

"అప్పగించొద్దులే. వాడుతూ బాగుచేసుకో."

ఆయన పెట్టుకున్నాడు. జనరేటరు మోతకి మొహం చిట్లించాడు. కూతురు ఆయన్ని చెయ్యి పట్టుకుని హాల్లోకి తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమంది. బీప్ వినబడితే చెయ్యెత్తాలి. డబ్బా మీద కూర్చున్న చిన్నపిల్ల ఇప్పుడు మోగించేదైంది.

లోపలికి వెళ్ళి మొదట ఊరికే నిలబడింది, తండ్రి దొంగాట ఆడతాడేమోనని. చెయ్యి లేవలేదు. ఇంకాసేపు ఆగింది. లేవలేదు. అప్పుడు మెషీన్ ప్లగ్గు ఒక్క క్షణం తీసింది. రెండో బీప్ రాకముందే మేస్త్రి చెయ్యి, క్లాసులో మొదటి బెంచీ పిల్లాడిలా, నిటారుగా లేచింది.

కూతురు గుమ్మంలోంచే చూసింది. "అమ్మ ఇక్కడే ఉంటుంది," అంది. ఆయన కళ్ళు తెరవలేదు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. ఆ మాట కూడా వినబడిందన్నమాట.

ఆ వారంలోనే షెడ్డులో రెండో ప్లగ్గు వచ్చింది. రాత్రి పడుకునేముందు చెవుల్లోవి తీసేస్తాడు కదా, అందుకని మెషీన్ అరిస్తే ఆయన దిండు కింద గడగడ వణికే పరికరం ఒకటి కూతురే డిపోలో తయారుచేసి తెచ్చింది. దానికి నా కారు బ్యాటరీ అడగలేదు, అదే పదివేలు.

ఆ పూట సంగతి ఇంకొంచెం ఉంది. మేస్త్రి కళ్ళు తుడుచుకుని భార్య గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఆయన చెవుల వంక ఒకసారి, మొహం వంక ఒకసారి చూసి, చిన్న గొంతుతో అంది:

"అయితే ఈ రెండేళ్ళూ నేను తిట్టినవన్నీ మళ్ళీ మొదటినుంచి తిట్టాలా ఏంటండీ?"

"సరే," అన్నాడు మేస్త్రి. "అలాగే చేద్దాం."

ఈ కథలో ఒక్కటి నేను కల్పించాను, చెప్పేస్తాను. లారీ బోల్టు కాదు, అది నిజం. కల్పించింది ఈ చివరి రెండు మాటలు. నేను పెరట్లో, కిటికీకి ఇవతల, ఆగకుండా మోగుతున్న జనరేటరు పక్కన నిలబడి ఉన్నాను. అద్దంలోంచి చూశాను. ఆవిడ పెదవులు కదిలాయి. ఇదివరకు అలా కదిలినప్పుడల్లా ఆయన ముందుకి వంగేవాడు, నుదురు ముడిపడేది, చివరికి తల ఊపేవాడు. ఆ రోజు వంగలేదు. కూర్చున్నచోటే కూర్చుని విన్నాడు, తర్వాత ఏదో అన్నాడు, ఆవిడ గొట్టం ఊడేంతగా నవ్వింది. ఆవిడ ఏమందని తర్వాత మేస్త్రిని అడిగితే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటిరా? వినబళ్ళేదు," అన్నాడు దొంగ.

నాకు నిజంగానే ఒక్క ముక్క వినబడలేదు. ఆ పూట ఆ ఇంట్లో చెవిటివాణ్ణి నేనొక్కణ్ణే.